తాతగారి పిస్తోలు పాడుచేసింది తమ్ముడు కాదు

"మా తాతగారు రెండో ప్రపంచయుద్ధం నుంచి తెచ్చిన పిస్తోలును మా తమ్ముడు పాడుచేశాడు." బహ్రెయిన్‌లోని అస్కర్‌లో నేను పనిచేసే ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఈ మాట నా నోట విన్నవాళ్లు చాలామంది ఉన్నారు. అది అబద్ధం. పాడుచేసింది నేను.

ఇక్కడి నుంచి మొదటిసారి సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజకు ఆ పిస్తోలును పీట మీద ఉంచి బొట్టు పెడతారు. నల్లగా, మచ్చలతో ఉన్న దాన్ని చూసి నాకు చిన్నతనంగా అనిపించింది. అల్యూమినియం దిమ్మెల పైభాగం నునుపుగా ఉందో లేదో పరీక్షించడం నా ఉద్యోగం. మచ్చ కనిపిస్తే ఊరుకోలేను. నాన్నగారు బయటికి వెళ్లిన మధ్యాహ్నం ఎమరీ కాగితాలు తీసుకుని, గరుకుదానితో మొదలుపెట్టి నున్నటిదాని దాకా వరుసగా రుద్దాను. అద్దంలా మెరిసింది. పని బాగా చేశాను, ఆ మాట ఇప్పటికీ అంటాను. పైనున్న నల్ల పూత పోయింది. దాంతోపాటు చెక్కి ఉన్న సైన్యం గుర్తులూ పోయాయి.

పూజ రోజు నాన్నగారు దాన్ని చూసి తమ్ముడి మీద మండిపడ్డారు. తమ్ముడు "నేను కాదు నాన్నా" అన్నాడు. ఆయన నమ్మలేదు. ఇంజనీరైన పెద్దకొడుకు అలాంటి పని చేస్తాడని ఆయనకు తోచనే లేదు. నేను పక్కనే నిలబడి ఊరుకున్నాను.

నాన్నగారు పోయాక లైసెన్సు తన పేర మార్చుకోవడానికి తమ్ముడికి నా అంగీకారపత్రం కావలసి వచ్చింది. నేను ఇవ్వలేదు. "నీ చేతికిస్తే ఇంకేం మిగులుస్తావురా? ముందు వెల కట్టించు" అన్నాను. అంటున్నప్పుడు నాకు నిజంగానే కోపం వచ్చింది. అన్నేళ్లు చెప్పి చెప్పి నేనే నమ్మేశాను.

వెల కట్టించే రోజు నేను ఇక్కడ ఈసా టౌన్‌లో మా పాప స్కూలు బయట కారులో కూర్చుని ఉన్నాను. తమ్ముడు తుపాకుల షాపు నుంచి వీడియో కాల్ చేశాడు. షాపు పెద్దాయన పిస్తోలును భూతద్దం కింద తిప్పి తిప్పి చూశాడు.

"పాత పూత ఉండుంటే ముచ్చటపడి కొనేవాళ్లుండేవారండీ. ఇప్పుడిది ఉత్త ఇనప ముక్క. రుద్దిన చెయ్యి మాత్రం మామూలు చెయ్యి కాదు. గీతలన్నీ ఒకే వైపు! ఎవరండీ ఆ మహానుభావుడు?"

తమ్ముడు నా వైపు చూడలేదు. "ఎప్పుడో జరిగిందిలెండి" అన్నాడు.

రుద్దింది నేనేనని వాడికి తెలుసు. నేను పత్రం ఇవ్వనన్నా వాడు నన్ను బయటపెట్టలేదు. ఇక ఊరుకోవడం నావల్ల కాలేదు.

"నేనేనండీ" అన్నాను.

"ఓహో! ఏం చేస్తుంటారు తమరు?"

"లోహాల క్వాలిటీ చూస్తుంటానండీ."

"చూశారు, బాగా చూశారు" అని ఆయన పగలబడి నవ్వాడు.

తమ్ముడు నవ్వలేదు. షాపు బయటికి వచ్చాక, "ఆ ముక్క నాన్నకి చెప్పాల్సింది అన్నయ్యా. పోయేదాకా నన్ను దాన్ని ముట్టుకోనివ్వలేదు, తెలుసా?" అన్నాడు.

తెలియదు. తెలుసుకోవాలని ఎన్నడూ అడగలేదు.

ఆ వారమే మన ఎంబసీకి వెళ్లి పత్రం మీద సంతకం పెట్టాను. అమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. క్యాంటీన్‌లోనూ చెప్పాను. "ఇంతకీ ఎంత పలికిందండీ?" అన్నాడొకాయన. ఏమీ పలకలేదన్నాను.

పత్రం అందగానే తమ్ముడు ఫోన్ చేశాడు.

"నువ్వొచ్చినప్పుడు చూపిస్తాను. చేతికి మాత్రం ఇవ్వను."

"చూస్తే చాలురా" అన్నాను.