కాకినాడ ఇసుకలో యాభై దెబ్బలు

రైలు పొద్దున్న ఐదున్నరకైతే నేను నాలుగున్నరకే రాజమండ్రి స్టేషనులో ఉన్నాను. ఇంట్లో కూర్చుని గడియారం చూసేకన్నా స్టేషనులో కూర్చుని చూడడం నయమనిపించింది. గోదావరి మీద రైలు వంతెన కడుతున్న ఏడాది అది. చైత్రం వచ్చేసింది, ఎండలు చురుక్కుమంటున్నాయి. కాకినాడలో దొరల గోల్ఫు ఆటకి ఆ ఏటికి అదే ఆఖరి రోజు. ఆ ఆఖరి ఆటలో నేనూ ఆడబోతున్నాను.

నాకూ గోల్ఫుకూ ఏం సంబంధమని మీరు అడక్కముందే చెబుతాను. నేను మిషన్ బడిలో తెలుగు మాస్టారిని. నాలుగేళ్ళ కిందట మిషన్ ఆసుపత్రి డాక్టరు దొరగారికి తెలుగు చెప్పడానికి కుదిరాను. పాఠం అరగంట సాగేది. ఆ తరవాత ఆయన నన్ను గోదావరి ఇసుక తిన్నెల మీదికి లాక్కుపోయేవారు, ఒంటరిగా ఆడలేక. మొదటి నెల నవ్వొచ్చింది, రెండో నెల కోపమొచ్చింది, మూడో నెల నుంచి ఆదివారం ప్రార్థనలో కూడా బంతే కనిపించేది. ఇప్పుడు డాక్టరు గారు ఉద్యోగం విరమించి స్వదేశానికి వెళ్ళిపోతున్నారు. ఆయన లేకపోతే నన్ను ఏ మైదానంలోకీ రానివ్వరు. అందుకని కాకినాడ క్లబ్బు కార్యదర్శి దొరతో ఆయన పట్టుబట్టి ఒక మాట తీసుకున్నారు: తొమ్మిది గుంటల ఆట యాభై దెబ్బల్లోపు, పోనీ సరిగ్గా యాభైకి, ముగిస్తే ఆటగాళ్ళ పుస్తకంలో నా పేరు రాస్తారు. యాభై ఒకటి కొడితే నా ఆట అంతటితో సరి.

మూడో తరగతి టిక్కెట్టు కాకినాడకి ఎనిమిదణాలు. నా ఐదు కర్రలూ గోనెసంచిలో చుట్టి బల్ల కింద పెట్టాను. ఎదురుగా కూర్చున్న బెల్లం వ్యాపారి వాటిని చాలాసేపు చూశాడు.

"ఏంటండీ ఆ కర్రలు? వడ్రంగం పనికా?"

"ఆటకండి. బంతిని కొట్టి గుంటలో వెయ్యాలి."

"వేస్తే?"

"తీసి ఇంకో గుంటలో వెయ్యాలండి."

"అదేదో మొదటి గుంటలోనే ఉంచెయ్యచ్చు కదండీ!" అన్నాడాయన. పెట్టెలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వినవాళ్ళకి సామర్లకోట వచ్చేదాకా బంతి చూపిస్తూ, కర్ర పట్టుకునే తీరు చెబుతూనే ఉన్నాను.

ఏడూ ముప్పావుకి సామర్లకోటలో దిగాను. కాకినాడ బండికి ముప్పావుగంట వ్యవధి ఉంది. మీరు ఎప్పుడైనా ఈ దారిన వెళితే తినడానికి ఏదైనా మూట కట్టుకు వెళ్ళండి, దిగిన చోట దొరుకుతుందని నమ్మకండి. నేను తెచ్చుకున్న పెరుగన్నం, మాగాయి అక్కడే కానిచ్చాను. తొమ్మిదింటికల్లా కాకినాడలో ఉన్నాను. మిషన్ బడి మాస్టారొకాయన తన ఇంట్లో బస ఇచ్చారు. మధ్యాహ్నం పడుకోమని చాప వేశారు గాని, నిద్రపోతే చేతులు బిగుసుకుపోతాయని భయమేసి గోడవైపు తిరిగి కర్ర ఊపుతూ గడిపాను.

మూడున్నరకి మైదానం చేరాను. మర్నాడు అక్కడి నుంచే ఓడ ఎక్కాల్సిన డాక్టరు గారు అప్పటికే వచ్చి నాకోసం చూస్తున్నారు. మైదానమంటే సముద్రం పక్క ఇసుక నేల, మధ్య మధ్య మొగలి పొదలు, ఒక ఉప్పునీటి కాలువ, లెక్కలేనన్ని పీతల బొరియలు. పచ్చగడ్డి బతకదు కాబట్టి ప్రతి గుంట చుట్టూ మట్టి పరిచి, పేడతో అలికి చదును చేయిస్తారు. దొరలు దాన్ని బ్రౌను అంటారు. నాకైతే అది అచ్చం మా కళ్ళమే. రైతు ఇంట పుట్టినవాణ్ణి, కళ్ళం అంచుకు రాగానే చెప్పులు విడిచేశాను.

"అదెందుకు?" అన్నాడు కార్యదర్శి దొర. లెక్క రాసుకోవడానికి ఆయనే మా వెంట నడుస్తున్నాడు.

"అలికిన నేల మీద చెప్పులతో తిరిగితే మా అమ్మ ఊరుకునేది కాదండి."

ఆయన ఏమీ రాసుకోలేదు. నా మొదటి గుంటకి మాత్రం ఏడు రాసుకున్నాడు.

రెండో గుంట నాలుగు దెబ్బల్లో పడింది. నా అంతటివాడు లేడనుకున్నాను. మూడోది నా పొగరు అణిచింది. బంతి మొగలి పొదలో దూరింది, బయటికి లాగేసరికి చేతులు గీరుకుపోయాయి, దెబ్బలు తొమ్మిదయ్యాయి. డాక్టరు గారు దగ్గరికొచ్చి, నేను నేర్పిన తెలుగులోనే, "మాస్టారూ, దూరం కొట్టకండి, తిన్నగా కొట్టండి" అన్నారు. తరవాత ఐదు, నాలుగు. ఆరో గుంట దగ్గర కాలువ. అందులో బంతి ఒకసారి కాదు, రెండుసార్లు పడింది. ఎనిమిది!

కళ్ళాల మీద మాత్రం నన్ను పట్టేవాడు లేడు. దొరలు నేల ఎటు వాలిందో చూస్తారు, నేను అలికిన చెయ్యి ఎటు తిరిగిందో చూస్తాను. అలికే ఆడవాళ్ళు కుడిచేత్తో అర్ధచంద్రంగా తుడుస్తూ వెనక్కి జరుగుతారు. ఆరాక ఆ చారలు నిలుస్తాయి, మెల్లగా దొర్లే బంతి చివర్లో అవి తిరిగినవైపే ఒరుగుతుంది. ఆ రోజంతా బంతి ఎడమకి ఒరుగుతోంది, నేను జానెడు కుడికి గురిపెడుతున్నాను. ఏడో గుంట ఐదు, ఎనిమిదోది మూడు. మొత్తం నలభై ఐదు. ఆఖరి గుంటకి ఐదు దెబ్బలున్నాయి.

మూడు దెబ్బల్లో బంతి కళ్ళం మీదికెక్కింది. ఎగిరి గంతేశాను. తీరా దగ్గరికి వెళితే మధ్యాహ్నం గేదెలు పడి సగం కళ్ళం తొక్కేశాయట, సూరమ్మ అనే ఆవిడ ఆ సగం మళ్ళీ అలుకుతోంది. నా బంతి ఆ పచ్చి అలుకులో, అంచుకి చేరువలో ఆగి ఉంది.

"తొక్కకండి బాబూ, ఇంకా ఆరలేదండి!" అని అరిచింది.

ఆ కేకకి నేను ఆటగాణ్ణన్న సంగతే మరిచిపోయాను. చిన్నప్పటి అలవాటు ముందుకొచ్చింది. అంచున నిలబడి, వంగి, బంతిని సుతారంగా చేత్తో తీసి కళ్ళంలో పొడిగా ఉన్న సగం మీద పెట్టాను. పైగా, "చెరగలేదులేమ్మా" అని కూడా అన్నాను.

కార్యదర్శి దొర గొంతు సవరించుకున్నాడు. "చేత్తో తీస్తే ఒక దెబ్బ కలుస్తుంది. నలభై తొమ్మిది."

డాక్టరు గారు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నాలుగేళ్ళ ఆట ఒక్క దెబ్బ మీద నిలిచింది. గుంట పొడి సగంలోనే ఉంది గాని రెండు బారల దూరం. సూరమ్మ ముఖం చిన్నబోయింది, తనవల్లే ఏదో అయిందని గ్రహించింది పాపం. అప్పుడు చూశాను, ఆవిడ కుడి మణికట్టుకి ఆముదపాకు కట్టు ఉంది.

"చేతికేమైందమ్మా?"

"బెణికిందండి బాబూ. పొద్దుటి నుంచీ ఈ కళ్ళమంతా ఎడంచేత్తోనే అలికానండి."

వంగి నేలను చూశాను. నిజమే, చారలన్నీ తిరగబడి ఉన్నాయి! అలవాటు చొప్పున కుడికి గురిపెట్టేవాణ్ణే. జానెడు ఎడమకి పెట్టాను. కొట్టాను. బంతి దొర్లింది, గుంట తప్పిపోతున్నట్టే వెళ్ళింది, చివరి మూరలో కుడికి ఒరిగి టక్కున లోపల పడింది.

నేనేం అరిచానో నాకు తెలియదు. డాక్టరు గారు నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేశారు. సూరమ్మ పేడచేతులతోనే చప్పట్లు కొట్టింది. కార్యదర్శి దొర లెక్క రెండుసార్లు కూడుకుని, టోపీ తీసి, నా పేరుకి అక్షరాలు అడిగి పుస్తకంలో రాశాడు. సిరా ఆరేదాకా దాన్ని చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు ఉదయం ఏడింటికి డాక్టరు గారు ఓడ దగ్గరికి వెళ్ళే పడవ ఎక్కారు. తన కర్రల సంచి నా భుజానికి తగిలించి, "ఇవి నాకిక బరువు, మాస్టారూ" అన్నారు. తొమ్మిదిన్నర బండికి నేను తిరుగుప్రయాణం కట్టాను.

సామర్లకోట దాకా సంతోషంతో కాళ్ళు నేల మీద లేవు. అక్కడ రెండు సంచులూ మోసుకుని బండి మారుతుంటే తట్టింది: పేరు పడింది సరే, నాతో ఆడేదెవరు? గోల్ఫు ఆడే తెలుగువాణ్ణి ఇంకొకణ్ణి నేనెరగను. రాజమండ్రి వచ్చేదాకా అదే ఆలోచన, అందుకే ఈ ప్రయాణం ఇంత వివరంగా రాశాను. కార్తీకంలో గోదావరి తగ్గి ఇసుక తేలుతుంది. రోజూ సాయంత్రం నాలుగింటికి, బడి వదిలాక, నేను అక్కడే ఉంటాను. కర్రలు రెండు జతలున్నాయి. నేర్పే పూచీ నాది. మీలో ఎవరైనా ఒక్కరు రండి చాలు.