బొమ్మలో లేని బండి

అరవైల మొదట్లో సత్తెనపల్లికి కాస్త ఎడంగా ఉన్న ఒక నల్లరేగడి ఊళ్ళో బాలవాడి టీచరుగా చేరాను. బడి ఈడు రాని పిల్లలకు ఆటలూ పాటలూ నేర్పి, మధ్యాహ్నం పాలు తాగించి ఇళ్ళకు పంపడం నా పని. పంచాయతీ ఆఫీసు పక్కన ఒక పెంకుల గది ఇచ్చారు. మిరపకాయలు కళ్ళాల్లో ఆరబోసే రోజుల్లో గాలి ఇటు తిరిగిందంటే గదిలో పిల్లలందరూ ఒకేసారి దగ్గేవాళ్ళు.

ట్రైనింగులో మాకు ఒక పద్ధతి చెప్పారు. పిల్లలకు ఒక బొమ్మ చూపించి, అందులో ఉన్న చిక్కు చెప్పి, "నువ్వయితే ఏం చేస్తావు?" అని అడగాలి. ఏం చెప్పినా తప్పనకూడదు. "అది కుదరకపోతే?" అని మళ్ళీ అడగాలి. కొట్టడం, ఏడవడం పిల్లలకు ఎవరూ నేర్పకుండానే తోస్తాయి. అడిగి తీసుకోవడం, ఆగడం, వంతులేసుకోవడం మనం నేర్పాలి. ఒక్క దారి తప్ప మరోటి తోచని పిల్లల మీద కన్నేసి ఉంచమన్నారు. నేను పాత క్యాలెండరు అట్టల వెనక బొమ్మలు గీసుకున్నాను.

మొదటిది ఉయ్యాల బొమ్మ. ఉయ్యాల ఒకటే ఉంది, ఒకబ్బాయి ఎక్కి ఊగుతూ దిగడం లేదు. "తోసేస్తా" అన్నాడొకడు. "మా అన్నని పిలుచుకొస్తా" అన్నాడింకొకడు. ఐదేళ్ళ పిల్ల ఒకతె మాత్రం బొమ్మ వంక చాలాసేపు చూసింది. వాళ్ళ నాయనమ్మ రోజూ చెయ్యి పట్టుకు తీసుకొచ్చి దిగబెట్టే పిల్ల.

"నేనేమీ చెయ్యను. వాడు దిగిందాకా ఊరుకుంటా" అంది.

బాగుందని మెచ్చుకోబోయాను.

"దిగి ఇంటికి పోతా ఉంటే అప్పుడు డొంకలో కొడతా."

"డొంకలో ఎందుకమ్మా?"

"ఇక్కడ కొడితే అందరూ చూస్తారుగా."

గొంతులో కోపం లేదు. అన్నం ఎట్లా వండుతారో చెప్పినట్టు చెప్పింది. డొంకంటే ఆ ఊరి నుంచి సత్తెనపల్లి రోడ్డు మీదికి పోయే బండిబాట. రెండు పక్కలా ఎత్తు గట్లు, వాటిమీద తుమ్మచెట్లు. పగటిపూట కూడా అందులో నీడగానే ఉండేది.

ఆ పిల్లల్లోనే ఒక పిల్లవాడు ఎప్పుడూ గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. ఆటకు పిలిస్తే గోడ వెంబడే జరిగేవాడు తప్ప మధ్యలోకి వచ్చేవాడు కాదు.

"ఇట్లా రా నాన్నా" అని పిలిచాను.

"మా అమ్మ గోడకానుకునే కూర్చోమంది. ఎనక ఎవురూ ఉండకూడదంట."

పాలు కాచే ఆమెను అడిగితే, తలుపు దగ్గరికి వేసి మరీ చెప్పింది. పొలానికి పోయే దారి గురించి ఆ పిల్లవాడి ఇంటికీ, డొంకలో కొడతానన్న పిల్ల ఇంటికీ తగాదా. పిల్లవాడి పెదనాన్న ఒకనాడు పొలం వెళ్ళి మళ్ళీ రాలేదు. బావిలో దొరికాడు. కాలు జారి పడ్డాడని రాసుకున్నారు. "వాళ్ళ పిల్లాడూ వీళ్ళ పిల్లా ఒకే చాప మీద కూర్చుంటా ఉంటే నాకు గుండె దడదడలాడుద్దమ్మా" అంది.

నేను నా పని మానలేదు. గుడ్డ బొమ్మలు కుట్టి పత్తి కూరి, వాటి చేత మాట్లాడించేదాన్ని. ఒక బొమ్మ దగ్గర బంతి ఉంటే రెండో బొమ్మ ఏమనాలో పిల్లలే చెప్పేవాళ్ళు. కొన్ని వారాలకు ఆ పిల్ల ఒకరోజు గోడ దగ్గరికి వెళ్ళి, "నువ్వాడుకున్నాక బంతి నాకిస్తావా?" అని అడిగింది. వాడు వెంటనే ఇచ్చేశాడు. ఆ పిల్ల బంతిని రెండు చేతులతో పట్టుకుని, ఇంత తేలికా అన్నట్టు నా వైపు చూసింది. ఆ తర్వాత వాణ్ణి గోడ దగ్గర నుంచి కదిలించింది కూడా ఆ పిల్లే. "నీ ఎనక నేను కూర్చుంటాలే. ఎవురూ రారు" అంది. అది విని సంతోషించాలో భయపడాలో నాకు తెలియలేదు.

ఒక మధ్యాహ్నం పాలు తాగడం అయ్యాక నా కొంగు పట్టుకుంది.

"టీచరమ్మా, ఇయ్యాళ నేను బొమ్మ చెప్తా. ఏం చెయ్యాలో నువ్వు చెప్పు."

"చెప్పమ్మా."

"ఒకాయన డొంకలో బండి తోలుకుని వస్తా ఉంటాడు. పొద్దు వాలతా ఉంటది. తుమ్మచెట్ల ఎనక నలుగురు దాక్కోనుంటారు. ఆయనకి తెలవదు. అప్పుడేం చెయ్యాలి?"

"బండిలో ఎవరమ్మా?" అన్నాను.

గ్లాసు అంచు నాకుతున్న ఆ గోడ పిల్లవాడి వైపు చూసింది. వాళ్ళ నాన్న ఆ ఉదయమే పత్తి బోరాలు వేసుకుని సత్తెనపల్లి జిన్నింగు మిల్లుకు వెళ్ళాడని వాడు పొద్దున్నుంచీ అందరికీ చెబుతూనే ఉన్నాడు.

"వద్దని ఆ నలుగురితో చెప్పొచ్చుగా?"

"చెప్తే కొడతారు."

"మరెవరితో చెప్పొచ్చు?"

"నాయనమ్మయితే కొట్టదు. నాకు బయమేస్తంది. నువ్వు చెప్తావా?"

పోలీసుస్టేషను సత్తెనపల్లిలో ఉంది. అక్కడికి పోవాలన్నా ఆ డొంకలో నుంచే పోవాలి, చుట్టు దారిన పోతే చీకటి పడిపోతుంది. ఊరి మునసబు ఆ పిల్ల ఇంటికే వియ్యంకుడు. పిల్లను తీసుకుని కళ్ళానికి వెళ్ళాను. నాయనమ్మ మిరప రాశిలోంచి తాలుకాయలు ఏరుతోంది. విన్నదంతా చెప్పాను.

"పసిదాని మాటలు పట్టుకుని పరిగెత్తుకొచ్చావా పంతులమ్మా?" అంది తలెత్తకుండా. చేతులు ఏరుతూనే ఉన్నాయి. కాసేపటికి ఆగాయి.

"ఇంకెవరితోనన్నా అన్నావా?"

"లేదండీ."

"అనమాక."

లేచి చీర దులుపుకుని, పిల్లను చంకనేసుకుని డొంక వైపు నడిచింది. నేనూ వెనకాల బయల్దేరితే, తిరక్కుండానే రావద్దని చెయ్యి ఊపింది.

కళ్ళం చివర నిలబడ్డాను. ఎండ తగ్గింది. మిరపకాయల ఎరుపు నల్లబడుతోంది. డొంకలోంచి మాట లేదు, అలికిడి లేదు. చాలాసేపటికి ఎద్దుల గంటలు వినబడ్డాయి. పత్తి దించేసిన ఖాళీ బండి బయటికొచ్చింది. ముందు పిల్లవాడి తండ్రి, పక్కనే పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఆ ముసలావిడ. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఊరి మొదట్లో ఆవిడ బండి ఆపించి దిగి, అతనితో పైకే అంది.

"రేపట్నించి చుట్టు దారిన పో. రోజూ నేను రాలేను."

కాసేపటికి డొంకలోంచి నలుగురు మగవాళ్ళు నడిచొచ్చారు. ముందున్నది ఆ పిల్ల బాబాయి. తుండుగుడ్డతో ముఖం తుడుచుకుంటూ నన్ను చూశాడు.

మర్నాడు బాలవాడికి వచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు.

"నమస్కారమండి. మా పిల్లకి బొమ్మలు చూపించి ఏయో అడుగుతున్నారంట?"

"అందర్నీ అడుగుతానండీ."

"మంచిదే. పిల్లలకి మాటలు రావాల. ఎన్ని రావాల్నో గూడా తమరే చూసుకోవాల."

ఉయ్యాల బొమ్మ చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు. జాగ్రత్తగా ఎక్కడిది అక్కడ పెట్టి వెళ్ళాడు.

ఆ పిల్ల మళ్ళీ బాలవాడికి రాలేదు. మిగతా పిల్లలు వచ్చారు గానీ, బొమ్మ ఎత్తి పట్టుకుంటే ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు. చివరికి ఒక చిన్నది, "చెప్పగూడదంట టీచరమ్మా" అంది. నేను బొమ్మలు కట్టగట్టి పక్కన పెట్టి, పాటలతో సరిపెట్టాను.

ఎండలు ముదిరేలోగా పిల్లవాడి తండ్రి పొలం కౌలుకిచ్చి, పెళ్ళాం పిల్లలతో పొదిలి వైపు బంధువుల ఊరికి వెళ్ళిపోయాడు. అక్కడ నీళ్ళు లేవు, నల్లరేగడి లేదు. అయినా వెళ్ళాడు. ప్రాణంతో వెళ్ళాడు.

తొలకరికి నాకు వేరే ఊరికి బదిలీ అయింది. బస్సెక్కడానికి వెళుతుంటే ఆ పిల్ల వాళ్ళ పశువుల కొట్టం ముందు కనబడింది. ఆగి పిలిచాను. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని మొదట అటు చూసింది. తర్వాత తన వెనక చూసుకుంది. ఎవరూ లేరని తేలాక నవ్వింది.