ఇబ్బందులు రాసే గడి

నర్సింగ్‌ల పీహెచ్‌డీ చేస్తున్న అంటే మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతరు. "సూది ఎయ్యనీకి డాక్టరేట్ ఎందుకే?" అంటరు. చెప్పీ చెప్పీ నాకే యాష్టకొచ్చింది. ఆ పట్టా ఉంటేనే ప్రొఫెసరయితం, ప్రిన్సిపాలయితం, రేపు ఇంకొకరికి గైడయితం. లేకుంటే రిటైరయ్యే దాక ఫస్టియర్ పిల్లలకు పక్క పరుచుడు నేర్పుకుంట ఉండాలె. మా కాలేజీల వైస్ ప్రిన్సిపాల్ కుర్చీ ఖాళీగుండె. నెలాఖరులోపల థీసిస్ ఇస్తే నాకే అన్నరు. ఇయ్యకుంటే కుర్చీ పోతది, పీహెచ్‌డీ గడువు గూడ అయిపోతది.

మంచాన పడ్డ పెద్దోళ్లను వాళ్ల ఇండ్లకు పోయి చూసుకునే ఆయమ్మల కష్టసుఖాల మీద నా థీసిస్. వెంగళరావు నగర్‌ల మా ఇంటికాడ స్కూటీ ఎక్కి, జూబ్లీ హిల్స్, ఫిలింనగర్ పెద్దిండ్లన్నీ తిరిగిన. గేటుకాడ వాచ్‌మన్‌తోని పంచాయితీ అయినంక లోపలికి పోతే, నాకు సోఫా, కాఫీ. ఎదురుంగ ఇంటామె కూసుంటది. అనుమతి కాయితం మీద ఆమె సంతకం కావాలె గద! ఆయమ్మ నిలవడి జవాబు చెప్తది.

"నిద్ర పడ్తదా?"

"పడ్తది మేడం."

"నడుము నొప్పి?"

"లేదు."

"ఏమన్న ఇబ్బంది?"

"ఏం లేదు. అమ్మగారు మంచిగ చూస్కుంటరు."

ఇంటామె నవ్వేది, నేను టిక్కు పెట్టేదాన్ని. ఏ ఇంటికి పోయినా ఇదే కథ.

ఫిలింనగర్‌ల ఒక పాత నిర్మాత ఇంట్ల గూడ గట్లనే అయింది. పక్షవాతమొచ్చిన ఆ పెద్దమనిషి గది నిండ శతదినోత్సవం షీల్డులే. నేను స్కూటీ తీస్తుంటే ఆయన ఆయమ్మ చెత్త సంచి పట్టుకొని గేటు బయటికొచ్చింది.

"అమ్మగారు ఎదురుంగ కూసుంటే నేనేం చెప్త మేడం? మీ పెద్దమేడం ముంగట మీరు చెప్తరా?"

నాకు కోపం నషాళానికెక్కింది. "మరి అప్పుడే చెప్పొద్దా?" అని గయ్యిమన్న.

ఆమె నవ్వింది. "నాలుగున్నరకు డ్యూటీ దిగుత. బస్టాపుకాడికి రాండ్రి, చెప్త."

నేను పోలే. థీసిస్ టైపింగ్ గూడ అయిపోయింది. ఇప్పుడు కొత్త జవాబులొస్తే నా గతేంగాను? పోలేదుగని, ఆమె మాట మాత్రం నన్ను తింటనే ఉండె.

నెలాఖరుకు రెండు దినాల ముందుగాల గైడ్ మేడం పిలిచింది. జవాబుల మీద నాకు జర అనుమానముందని నసిగిన.

"ఎవరికీ ఇబ్బంది లేదని వచ్చింది కదమ్మా, ఇంకేం కావాలి? సంతకం పెడతాను, ఇచ్చెయ్," అని చివరి రిపోర్టు ఫారం నా ముంగటికి తోసింది.

ఆ ఫారంల 'ఎదురైన ఇబ్బందులు' అని ఒక గడి ఉంటది. ఐదేండ్లు ఈమె స్టూడెంట్ల పేపర్లు నేనే దిద్దిన, ఈమె కోడలి సీమంతానికి సామాన్లు మోసిన. ఆర్నెల్లకోసారి ఇచ్చే రిపోర్టుల ఈ గడి వచ్చినప్పుడల్లా, ఈమె చూస్తుండంగనే 'నిల్' అని రాసిన. ఈసారి గూడ నా చెయ్యి అదే రాసేసింది. రాసినంక చూసుకున్న. ఫిలింనగర్ ఆయమ్మ మొఖం కండ్ల ముంగట మెదిలింది. సిగ్గుతోని చచ్చిపోయిన.

ఆస్పత్రిల రోగి కేస్ షీట్ల తప్పు రాస్తే గీకొద్దు, తెల్లరంగు పుయ్యొద్దు, ఒక్క గీత కొట్టి పక్కకు సంతకం పెట్టాలె. కిందిది కనవడాలె. ఈ ముచ్చట మీద పిల్లల్ని ఎన్నిసార్లు తిట్టిన్నో! 'నిల్' మీద గీత కొట్టి సంతకం పెట్టిన. పక్కకు రాసిన: 'ఉన్నాయి. జవాబులన్నీ యజమానుల ఎదుట తీసుకున్నవి. మళ్లీ అడగాలి.'

"పిచ్చి పట్టిందా? కుర్చీ పోతుంది, తెలుసా?"

"తెలుసు మేడం." ఫారం ఆమె ముంగటికి తోసిన.

ఆమె సంతకం పెట్టలే. ఫారం డ్రాయర్ల పడేసి, "ఇంటికెళ్లి ఆలోచించుకో," అన్నది. ఇంటికి పోయి ఆలోచించలే, ఏడ్చిన. కుర్చీ వేరేటామెకు పోయింది. గడువు పెంచుమని దరఖాస్తు పెట్టిన, దాని మీద గూడ ఈ మేడమే సంతకం పెట్టాలె. ఇంకా పెట్టలే.

మొన్న నాలుగున్నరకు ఫిలింనగర్ బస్టాపుకు పోయిన. ఆయమ్మ వచ్చి, నా ఎనక ఎవరన్న ఉన్నరా అని తొంగి చూసి, పక్కన కూసుంది. నేను కాయితం తీసి మొదటి ప్రశ్న అడిగిన.

"నిద్ర పడ్తదా?"

"ముందుగాల మీరు చెప్పున్రి మేడం. మీకు పడ్తదా?"

"పడ్తలేదు," అన్న.

"అయితే రాస్కోండ్రి," అన్నది.