చెవి వెనక తీగ

ఆ నిద్ర పరీక్షల కేంద్రంలో అందరూ ఆమెను పేస్టమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనిపించదు. పందొమ్మిదేళ్లుగా మనుషుల తలలు టేపుతో కొలిచి, ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెట్టి, గరుకు జెల్లుతో రుద్ది, బఠాణీ గింజంత పేస్టుతో మెదడు కదలికల్ని తెర మీద గీతలుగా చూపించే తీగలు అంటించడమే ఆమె పని. కొత్తలో మొగుడి తల మీద నేర్చుకుంది. పాపం, ఆయన ఆరు నెలలు జుట్టులో తెల్లని ఉండలతోనే ఆఫీసుకు వెళ్లాడు. ఆయనకు చుండ్రు మందు చెప్పని మనిషి లేడు.

ఆ రోజు ఉదయం కుర్చీలో కూర్చున్నది పరాయివాడు కాదు, సొంత మరిది. సిటీ బస్సు డ్రైవరు. పదిహేను రోజుల కిందట పట్టపగలే బస్సును డివైడరుకు రాసేశాడు. మసక గదిలో నలభై నిమిషాలు మెలకువగా ఉండి చూపించమని డిపో వాళ్లు పంపారు. "అయినవాళ్లకు నేను చెయ్యకూడదు కదండీ" అని ఆమె అంటే, రెండో టెక్నీషియన్ సెలవులో ఉందన్నాడు డాక్టరు. "మీరు అంటించండి, చదివేది నేనేగా" అని తేల్చేశాడు.

అతుకు సరిగ్గా ఉంటేనే కదా చదవడం! చెవుల వెనక ఎముక మీద పెట్టే తీగలే మిగతావాటన్నిటికీ ఆధారం. అవి వదులైతే తెర మీద వచ్చేవన్నీ పిచ్చిగీతలే. పరీక్ష చెల్లదు. మళ్లీ తేదీ దొరకడానికి ఆరు వారాలు పడుతుంది, అందాకా డిపో అతన్ని బస్సు నడపనిస్తుంది. ఈ సంగతి ఒకప్పుడు ఇంట్లో కబుర్ల మధ్య నోరుజారి చెప్పింది తనే. తోడికోడలు మర్చిపోలేదు.

ఇందాక వరండాలో చెయ్యి పట్టుకుంది. "అక్కా, అంతా నీ చేతిలో ఉంది. ఆరు వారాలు గడిస్తే ఈలోపు ఆయన నిద్ర సరిచేసుకుంటాడు. ఉద్యోగం పోతే ఏమైపోతాడో నీకు తెలీదా?"

తెలుసు. తను కాపురానికి వచ్చేనాటికి అతను మూడో తరగతి. ఈ తలకు నూనె రాసి దువ్వింది తనే. సుడి ఎక్కడుందో టేపు పెట్టకుండానే చెప్పగలదు.

నుదురు, నడినెత్తి, వెనక తల అయ్యాయి. చెవి వెనకకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. రుద్దినట్టు చేసింది గానీ రుద్దలేదు. తీగ ఆనించి పైన టేపు వేసింది. అతుకు వదులైతే పెరిగే అంకె, అయిదు దాటకూడనిది, తెర మీద ఇరవై రెండు చూపించింది. తెరను గోడవైపు తిప్పేసింది. పందొమ్మిదేళ్లలో ఇలాంటి పని ఇదే మొదలు.

"ఏంటి వదినా, నోరు మెదపవు? నా బుర్రలో ఏమీ లేదని తేలిపోయిందా?"

"అది నీ పెళ్లిరోజే తేలింది. కదలకు."

అతను నవ్వాడు. ఆమె అతని కళ్ల చివర రెండు తీగలు పెట్టి, గడ్డం దగ్గరకు వచ్చింది.

"మొన్న కూడా నిద్ర కాదు వదినా. ఎండ కళ్లలో పడింది. స్టీరింగు ముందు నేనెప్పుడూ..."

మాట ఆగింది. ఏదో గుర్తు చేసుకుంటున్నాడేమో అనుకుంది. అంతలో తల బరువంతా ఆమె అరచేతిలోకి వాలింది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం లేదు. గోడగడియారంలో ముల్లు కదులుతోంది. ఎనిమిది సెకన్లు. ఉన్నట్టుండి అతని కుడికాలు నేలను గట్టిగా తొక్కింది.

"...కునుకు తియ్యలేదు" అని మాట పూర్తి చేశాడు.

"కాలెందుకు నొక్కావు?"

"ఏ కాలు?"

కునుకులో అతను తొక్కింది బ్రేకు. అతని వెనక బస్సులో అరవైమంది ఉంటారు. చెవి వెనక టేపు పీకేసింది.

"మళ్లీనా?"

"సరిగ్గా అంటుకోలేదు."

చర్మం ఎర్రబడేదాకా రుద్దింది. రెండో చెవి వెనకా అంతే. "మండుతోంది వదినా" అన్నాడు చిన్నపిల్లాడిలా. "ఓర్చుకో నాయనా" అంది, అతనికి తన మొహం కనబడకుండా వెనక నిలబడి. తెర ఇటు తిప్పి చూసింది. అంకె మూడుకు దిగింది.

దీపం తగ్గించి, పక్కగదిలోకి వెళ్లి మైకు నొక్కింది. "వీలైనంతసేపు మెలకువగా ఉండు." వేలమందికి చెప్పిన మాటే. ఈసారి బతిమాలుతున్నట్టు వచ్చింది.

"సరే వదినా."

గీతలు శుభ్రంగా నడిచాయి. నాలుగో నిమిషంలో నిద్రలోకి మెత్తబడ్డాయి. ఎవరు చదివినా అదే చదువుతారు. ఆమె టైము రాసింది.

బయటికి రాగానే తోడికోడలు లేచి నిలబడింది. "ఏమైందక్కా?"

"పొద్దున మీరిద్దరూ ఎలా వచ్చారు?"

"బైకు మీద. ఆయనే నడిపాడు. నేను వెనక కూర్చున్నా. ఎందుకు?"

పేస్టమ్మ పేస్టు ఎండిన చెయ్యి చాపింది.

"తాళం ఇటివ్వు."