నాయనమ్మ కోళ్ల షెడ్డుకు గడియ పెట్టిన రోజు

ఇప్పుడు తల్చుకున్నా ఒళ్ళు మండే సంగతి ఒకటి నా చిన్నప్పుడు మా ఇంట్లోనే జరిగింది. మాది తాండూరుకు దగ్గరలోని ఊరు. మా చిన్నాయన ఇంటి వెనక దొడ్లో బండలు నిలబెట్టి, పైన ఇనుప వల, అదే జాలీ, కొట్టి ఒక షెడ్డు కట్టాడు. అందులో బ్రాయిలర్ కోళ్లను పెంచడం మొదలుపెట్టాడు. మా ఊళ్ళో అప్పటికి ఎవరూ చెయ్యని పని అది. కోడిపిల్లలు దిగిన రోజు వాడకట్టంతా చూడ్డానికి వచ్చింది. పక్కింటి ఖాలా కూడా వచ్చింది. ఖాలా అంటే వాళ్ళ ఉర్దూలో పిన్ని. పిల్లలమంతా ఆమెను అలాగే పిలిచేవాళ్ళం. భర్త పోయాక వాకిట్లో కొన్ని నాటుకోళ్లను పెంచుకుని, గుడ్లు అమ్ముకుని బతికేది. పసుప్పచ్చటి ఆ కోడిపిల్లల్ని చూసి, "మస్తు ముద్దుగున్నయి గదా" అంది. ఆమె చేసిన నేరమల్లా ఆ మాట అనడమే.

ఆ ఏడు చలి విపరీతంగా ఉండింది. పిల్లలు బిగుసుకుపోతాయని భయపడి చిన్నాయన జాలీ మొత్తం గోనెసంచులతో మూసేశాడు. లోపల బొగ్గుల కుంపట్లు పెట్టాడు. కింద పరిచిన వరిపొట్టు రెట్టలతో తడిసి ముద్దయినా మార్చలేదు. తలుపు తీస్తే చాలు, ఘాటుకు కళ్ళు మండిపోయేవి. కోళ్లు మాత్రం దాణా తిని గబగబా పెరిగాయి. తర్వాత ఒక్కొక్కటే మూలకు చేరడం మొదలైంది. నోరు తెరుచుకుని ఎగపోసేవి. ఎర్రగా ఉండాల్సిన తురాయి నీలిరంగుకు తిరిగేది. పొట్ట నీళ్లు నింపిన సంచిలా ఉబ్బి వేలాడేది. అలాంటిదాన్ని ఒకసారి నేను ఎత్తుకుంటే, అరచేతి కింద నీళ్లు కదలడం తెలిసింది. అది నా చేతుల్లోనే చచ్చిపోయింది.

తాండూరు నుంచి పశువుల డాక్టరు వచ్చాడు. చచ్చిన కోడిని మా ముందూ, చూడవచ్చిన వాడకట్టువాళ్ళ ముందూ కోసి చూపించాడు. కడుపు నిండా పసుప్పచ్చటి నీళ్లు. ఇది అంటురోగం కాదని చెప్పాడు. "లోపల గాలి లేదు. ఈ జాతి కోడి జల్ది పెరుగుతది, దానికి గాలి ఎక్కువ గావాలె. గీ పొగల, గీ ఘాటుల దాని గుండె ఎంతకని కొట్టుకుంటది? గుండె అలిసిపోయినంక నీళ్లు కడుపులకు దిగుతయి" అని విడమరిచి చెప్పాడు. నీళ్లు చేరినవి ఇక బతకవనీ, మిగిలినవి దక్కాలంటే సంచులు విప్పి, కుంపట్లు బయటపెట్టి, పొట్టు మార్చాలనీ చెప్పి వెళ్ళిపోయాడు.

చిన్నాయన తలూపాడు కానీ, ఒక్క సంచి కూడా విప్పలేదు. విప్పితే తప్పు తనదని ఒప్పుకున్నట్టే కదా! ఖాలా కోళ్లు హాయిగా తిరుగుతుంటే తన కోళ్లే ఎందుకు చస్తున్నాయని మొదలుపెట్టాడు. ఎండలో, గాలిలో తిరిగే కోళ్లు హాయిగా కాక ఇంకెలా ఉంటాయి? చిన్నపిల్లను, నాకే అర్థమైంది. ఒకరోజు పొద్దున బోరింగు దగ్గర, నీళ్లకొచ్చిన అందరి ముందూ ఖాలా మీద అరిచాడు. "నీ కన్ను పడ్డప్పటి సంది నా షెడ్డు ఆగమైంది. ఇగ మా దిక్కు రాకు!"

"నేనేం జేసిన బేటా?" అంది ఖాలా. నిండని బిందె అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. అక్కడున్నవాళ్ళలో ఒక్కరూ నోరు విప్పలేదు. మర్నాటి నుంచి ఆమె దగ్గర గుడ్లు కొనడం కూడా మానేశారు. డాక్టరు మాట చెవులారా విన్నవాళ్ళు సైతం మానేశారు. నాకు చిన్నాయన మీదకంటే వాళ్ళ మీదే ఎక్కువ కోపం వచ్చింది.

మా నాయనమ్మ అప్పుడు బొంరాస్‌పేటలో మా మేనత్త ఇంట్లో ఉంది. తిరిగొచ్చాక నేనే ఏడుస్తూ ఆమెకు అంతా చెప్పాను. నాయనమ్మ కొంగుతో నా కళ్ళు తుడిచింది. మర్నాడు పొద్దున్నే, షెడ్డులో ఇంకో కోడి పడిపోయిందని చిన్నాయనను పిలిచింది. అతను లోపలికి వెళ్ళగానే బయట గడియ పెట్టి, తలుపు పక్కనే కూర్చుంది. కాసేపటికి తలుపు బాదడం మొదలైంది. దగ్గు వినిపించింది.

"అమ్మా, తలుపు తియ్యే! ఊపిరి ఆడ్తలేదు!"

"గట్లనా? నీకెవరి కన్ను తగిలిందిరా?" అంది నాయనమ్మ.

వెంటనే గడియ తీసింది. కళ్ళూ ముక్కూ కారుతూ, గుండె పట్టుకుని చిన్నాయన బయటపడ్డాడు. "జరసేపటికే నీకు పానం పోయినట్టైంది. అవి వచ్చినప్పటి సంది అండ్లనే ఉన్నయి. నీ ఇంట్ల పొగ వెట్టుకొని, పక్కింటామె కన్ను అంటవా? సిగ్గుండాలె" అంటూ, తనే లేచి గోనెసంచులను బరబరా లాగి పారేసింది. నేనూ లాగాను. నా గోళ్లు విరిగాయి, అయినా లాగాను.

అక్కడి నుంచి కొడుకును ఖాలా గుమ్మం ముందుకు నడిపించింది. చిన్నాయన తల వంచుకుని, తప్పైందని గొణిగాడు. ఖాలా కరిగిపోతుందనుకున్నాను. ఆమె గడప దాటి కూడా రాలేదు.

"అన్ననాడు అందరి ముంగట అంటివి. గిప్పుడు మాఫీ అడగనీకి చాటుకు వచ్చినవా? పో. ఆడనే అను."

నాయనమ్మ ఆమె వైపు చూసి, సరేనన్నట్టు తలూపింది. మర్నాడు బోరింగు దగ్గర, బిందెలు నిండుతుండగా, చిన్నాయన ఆ మాట గట్టిగా చెప్పాల్సివచ్చింది. ఖాలా నిలబడి చివరిదాకా విని, తన బిందె నింపుకుని వెళ్ళింది. గాలి ఆడాక షెడ్డులో మిగిలిన కోళ్లు చాలావరకు నిలబడ్డాయి. కానీ కొన్ని ఇళ్లవాళ్ళు ఆ తర్వాత కూడా ఆమె దగ్గర గుడ్లు కొనలేదు. నింద నమ్మినంత తొందరగా నిజం నమ్మరు మనుషులు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఈ రోజుల్లో ఫోన్లలో ఊరందరికీ తెలిసేలా ఒకరిని ఆడిపోసుకుంటారు. అబద్ధమని తేలాక చెవిలో సారీ చెప్పి చేతులు దులుపుకుంటారు. మా ఇంట్లోనూ ఆ పని చేసినవాళ్ళున్నారు, నా మనవలతో సహా. వాళ్ళు నా దగ్గరికి వచ్చి, చెప్పేశాం కదా, ఇంకా ఎందుకు కోపం అంటే, నేను అడిగేది ఒకటే. అన్నప్పుడు ఎవరెవరు విన్నారు? ముందు వాళ్ళందరినీ పిలవండి.