ముట్టుకోకూడని కాలు

ఆమెను అందరూ కాళ్ళక్క అనేవారు. కృత్రిమ కాళ్ళు తయారుచేసే వర్క్‌షాపులో పంతొమ్మిదేళ్ళు పనిచేసింది. మోకాలి కింద మిగిలిన మొండికాలికి తడి ప్లాస్టర్ పట్టీ చుట్టి, అచ్చు తీసి, ఆ అచ్చుకు సరిపోయేలా సాకెట్ తయారుచేయడం ఆమె పని. సాకెట్ అంటే మొండికాలు దూరే గిన్నెలాంటిది. అందులో గోరంత తేడా వచ్చినా మనిషి నాలుగడుగులు వేయలేడు. "చెప్పు కరిస్తే విప్పి చేత్తో పట్టుకుని నడవొచ్చు. ఇది కరిస్తే ఏం చేస్తారు?" అని కొత్తగా చేరినవాళ్ళను అడిగేది.

ముసలి యజమాని వర్క్‌షాపును ఒక పెద్ద కంపెనీకి అమ్మేశాడు. కొత్త మేనేజరు మొదటి వారంలోనే అందరిచేతా కాగితాల మీద సంతకాలు పెట్టించాడు.

"చేతులు కడుక్కుని, చదివి పెడతాను" అంది ఆమె.

"అందరికీ ఒకటేనమ్మా. ఊరికే లాంఛనం."

చేతులకు తడి ప్లాస్టర్ ఉండగానే, మణికట్టుతో కాగితం అదిమిపట్టి సంతకం చేసింది.

ఏడాది తిరక్కుండానే అచ్చులు తీయడం మానేశారు. చిన్నది, మధ్యస్థం, పెద్దది అంటూ మూడు సైజుల సాకెట్లు అట్టపెట్టెల్లో రాసాగాయి. ఆమె నెల్లాళ్ళు వాదించి, ఇక లాభం లేదని ఉద్యోగం మానేసింది. ఇంటి వెనక గదిలో బల్ల వేసుకుంది. పదో రోజున, కంపెనీ వేసిన కేసులో కోర్టు ఉత్తర్వు వచ్చింది. మానేశాక రెండేళ్ళపాటు ఆ ఊళ్ళోగానీ చుట్టుపక్కలగానీ అదే పని చేయనని ఆమె రాసిచ్చిందట. కేసు తేలేదాకా పని ఆపమన్నారు.

లాయరమ్మ కాగితం రెండుసార్లు చదివింది. "ఇలాంటి షరతులు చాలావరకు నిలవవండీ. నిలవాలంటే, వాళ్ళ రహస్యాలేవో మీరు ఎత్తుకొచ్చారని వాళ్ళే చూపించాలి."

"అయితే గెలుస్తామా?"

"గెలవొచ్చు. ఎప్పటికో చెప్పలేను. అప్పటిదాకా మీరు ఎవరి కాలు ముట్టుకున్నా కోర్టు ధిక్కారమే."

బస్సు నడిపే ఆమె భర్త ఆ మాట విని, "రేపు నేను డిపో మారితే స్టీరింగు పట్టుకోకూడదంటారేమో" అన్నాడు. ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు. ఆమె కర్టెన్లు కుట్టే దుకాణంలో చేరింది.

ఒక మధ్యాహ్నం చంకకర్రలతో, కొత్త కాలు సంచిలో వేసుకుని టీచరమ్మ వచ్చింది. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడకు మూడుసార్లు కాలు చేసింది కాళ్ళక్కే.

"నాకు మధ్యస్థం ఇచ్చారే, గౌను కొన్నట్టు" అంటూ మొండికాలి మేజోడు విప్పింది. ఎముక మీద పచ్చిపుండు. సాకెట్ లోపలి అంచు వేడిచేసి కాస్త వెనక్కి వంచితే చాలు, పది నిమిషాల పని.

"నేను చెయ్యకూడదు టీచరమ్మా."

"ఎవరు చూస్తారే?"

"రేపు మీరు బాగా నడిస్తే అందరూ చూస్తారు."

ఎక్కడ వంచాలో కాళ్ళక్క సాకెట్ మీద పెన్సిలుతో గీత గీసి, వర్క్‌షాపువాళ్ళకు చూపించమంది. వాళ్ళు ఆ గీతను తుడిచేసి, సైజు సరిగ్గానే ఉందన్నారు.

కేసు వాయిదాల మీద వాయిదాలు పడింది. చివరికి రెండేళ్ళ గడువు ఎలాగూ ముగిసింది కనుక షరతు చెల్లుతుందో లేదో తేల్చనవసరం లేదని కోర్టు కేసు మూసేసింది.

"గెలిచామా, ఓడిపోయామా?" అని అడిగింది కాళ్ళక్క.

"రెండూ కాదండీ" అంది లాయరమ్మ, ఆమె ముఖంలోకి చూడకుండా.

మర్నాడే కాళ్ళక్క ప్లాస్టర్ పట్టీలు, బకెట్టు తీసుకుని టీచరమ్మ ఇంటికి వెళ్ళింది. ఆవిడ చక్రాల కుర్చీలో ఉంది.

"బకెట్టు కూడా మోసుకొచ్చావా? మా ఇంట్లో లేదనుకున్నావా?"

కాళ్ళక్క నేల మీద కూర్చుని ఆవిడ మోకాలు పట్టుకుంది. రోజంతా మడిచే ఉంచడంతో అది బిగుసుకుపోయింది. మెల్లగా సాగదీసి చూసింది. మరోసారి చూసింది. తిన్నగా రాలేదు; వంగిపోయిన మోకాలికి ఏ కాలూ నిలవదు. తొడ కండ ఆమె గుప్పిట్లో ఇమిడిపోయేంత చిక్కిపోయి ఉంది.

"ఇంక లాగకే, నొప్పిగా ఉంది" అంది టీచరమ్మ. "అలవాటైపోయిందిలే. కుర్చీ కొంచెం వెలుతురు వైపు తిప్పు" అంది.

తిప్పింది. చక్రానికి బ్రేకు వేసి, అది పట్టిందో లేదో కదిపి చూసి, వచ్చేసింది.