కారు కింద బియ్యప్పిండి

మొన్న ఆదివారం మా పాత కారు వెనక చక్రం దగ్గర నేల తడిగా కనిపిస్తే, మెకానిక్కుకి ఫోన్ చెయ్యడం మానేసి వంటింట్లోకి వెళ్లి బియ్యప్పిండి డబ్బా తెచ్చాను. బ్రేకు నూనె గొట్టం పొడవునా పిండి చల్లి, అది తడిసి నల్లబడే చోటు కోసం చూస్తూ కూర్చున్నాను. నూనె తగిలిన పిండి వాసన వచ్చింది. నాకు యాభై దాటాయి. ఆ వాసన తగిలితే మాత్రం తొమ్మిదేళ్ల పిల్లనైపోతాను.

మా నాన్న నర్సీపట్నం శివార్లలో ఒక చిన్న మిషన్ ఆసుపత్రికి డ్రైవరు. అక్కడ పనిచేసిన విదేశీ డాక్టరమ్మ తన దేశం వెళ్లిపోతూ వదిలేసిన కారే ఆసుపత్రికి అంబులెన్సు. దానికి స్ప్రింగులు లేవు, సన్నటి ఇనప గొట్టాల్లో తిరిగే నూనె బలం మీదే నిలబడేది. ఇంజను వేస్తే పడుకున్న గేదె లేచినట్టు మొదట వెనకభాగం, ఆ తర్వాత ముందుభాగం లేచేవి, ఆపితే మెల్లగా నేలకు కూలబడేది. గొట్టాలు తుప్పు పట్టి ఎప్పుడూ ఎక్కడో ఒకచోట కారుతుండేవి. కొత్తవి ఓడ మీద రావాలి, ఆసుపత్రికి అంత స్తోమత లేదు. అందుకని నాన్న యలమంచిలి పాత ఇనప కొట్లలో లారీ బ్రేకు గొట్టాలు ఏరి తెచ్చి, పాడైన మేరకే కోసి, అమ్మ అప్పడాల కర్ర చుట్టూ వంచి, నట్లు బిగించి అతికేవారు. ఒకటి ఆగితే ఇంకోటి కారేది, నాన్న మళ్లీ చాప వేసుకుని దాని కింద పడుకునేవారు.

సన్నగా ఉంటానని పిండి చల్లి కారే చోటు కనిపెట్టే పని నాది. నాన్న కొయ్యదిమ్మలు పెట్టాక కిందకు దూరేదాన్ని. అతుకు వేసిన ప్రతిసారీ మళ్లీ పిండి చల్లి చూడాలి, డబ్బా ఇట్టే అడుగంటేది. నాకు తొమ్మిదేళ్లప్పటి డిసెంబరు అది, పొద్దున్నే మంచు, గానుగల వైపు నుంచి కాగే బెల్లం వాసన, గుమ్మాలకు రంగు కాగితాల నక్షత్రాలు, క్రిస్మస్‌కు బియ్యప్పిండితో గులాబీ పువ్వులు వండడానికి అమ్మ కడిగి పెట్టుకున్న ఇనప అచ్చు. ఆ పువ్వులంటే నాకు ప్రాణం.

"ఇంకోపాలి ఆ కారుకి పిండి పోసేవంటే ఈ ఏడు పువ్వులుండవు, సెప్తన్నాను," అంది అమ్మ.

ఆ మధ్యాహ్నం వెనక గొట్టం అతుకు దగ్గర పెసరగింజంత తడి చూశాను.

"ఏటమ్మా, తడుందా?" అన్నారు నాన్న.

"లేదు నాన్నా," అని గౌను అంచుతో తుడిచేశాను.

కాసేపటికే కృష్ణదేవిపేట నుంచి కబురొచ్చింది, ఎవరికో నొప్పులు, కాన్పు కష్టమవుతోందని. నాన్న నన్ను ఒకసారి చూసి బండి తీశారు. తిరిగొచ్చేటప్పుడు జీడితోటల దగ్గర గొట్టం తెగి, వెనకభాగం చక్రాల మీద కూలబడి కారు కదల్లేదు. చెరుకు బండి మీద ఆవిణ్ణి ఆసుపత్రికి చేర్చేసరికి పొద్దు వాలింది. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు.

నాన్న ఇంటికొచ్చి బోరింగు దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నారు. నన్నేమీ అడగలేదు. ఆ కారును మళ్లీ ముట్టుకోలేదు, అది షెడ్డులో నేలకు అతుక్కుపోయింది. ఆ క్రిస్మస్‌కు అమ్మ పువ్వులు చేసింది, నేను ఒక్కటీ తినలేదు. తర్వాత ఏటేటా నాన్న నా పళ్లెంలో ఒకటి పెట్టి, "ఒక్కటి తినమ్మా," అనేవారు. నేను పక్కకు తోసేసేదాన్ని.

"ఏటే, పిండి ముందెట్టుకుని ఏడుస్తన్నావు?" అంది మొన్న అమ్మ, అరుగు మీంచి. ఇన్నేళ్లూ దాచింది అప్పుడు చెప్పేశాను. అమ్మ అరుగు దిగి నా పక్కన కూర్చుంది.

"ఆ గౌను ఉతికింది నేనే కదే. బండి తియ్యకముందే మీ నాన్న దానిమీద నూనె సూసేరు. ఇంకో బండి లేదు, అతికేదాకా ఆ నొప్పులు పడే పిల్ల ఆగలేదు, ఎల్లిపోయేరు. మనమ్మాయి దగ్గర ఈ మాట ఎప్పుడూ ఎత్తకు అన్నారు."

ఆసుపత్రి ఉన్నచోట ఇప్పుడు కల్యాణ మండపం ఉంది. షెడ్డు లేదు, కారును ఎవరు తూకానికి పట్టుకుపోయారో తెలియదు. ఆ ఆదివారం సాయంత్రం వచ్చిన మెకానిక్కు పిండి చూసి నవ్వి, "లైను మొత్తం మార్సేద్దామండీ, అతుకులు ఇప్పుడెవరేత్తారు?" అన్నాడు. సరేనన్నాను. నాన్న పోయి ఆరేళ్లయింది. ఆయన నా పళ్లెంలో పెట్టిన పువ్వు ఒక్క ఏడాదైనా తినాల్సింది.